క్రొత్త కంప్యూటరు – దాని తాళపుచెవి



ఈ మాసమున వచ్చిన జాబులలో నొకదానికి మాత్రమే ఇక్కడ బదులు వ్రాయుచున్నాను. ఏలయన, అందలి ప్రశ్న ఒక్క ఇంటికి సంబంధించినది కాదు. వ్రాసిన సోదరి తన తోడికోడలితో కలిసి యింటివద్దనే పిల్లల దుస్తులు కుట్టించి దుకాణములకు పంపుచున్నది. లెక్కలకొరకు మూడు క్రొత్త కంప్యూటర్లు కొన్నారట. వానిలో ముందుగనే విండోసు వేయబడియున్నది గాని, దానితోపాటు అక్కరలేని కార్యక్రమములెన్నియో కూడ చేరియుండుటచే పని మందముగా సాగుచున్నదట. పిలిపించిన టెక్నీషియను అంతయు చూచి, "అన్నిటిని తుడిచి విండోసును మరల వేయవలెను, ఒక్కొక్కదానికి క్రొత్త కీ కొనవలెను" అని వెల చెప్పెనట. ఆ సొమ్ము ఇయ్యవలెనా యని ఆమె అడుగుచున్నది.

మరల వేయించుట మంచిదే. కీకి సొమ్మిచ్చుట మాత్రము చాలవరకు అనవసరము. విండోసుతో కూడ అమ్మిన కంప్యూటరు వెలలో ఆ విండోసు వెలయు చేరియే యుండును. ఒకసారి కొన్న సరకును రెండవసారి కొననేల?

ఆ హక్కు ఎచ్చట నున్నదో తెలిసికొన్నచో భయము తీరును. పూర్వము కంప్యూటరు పెట్టెమీద ఒక చిన్న కాగితపు ముద్ర అంటించెడివారు. దానిమీద ఇరువదియైదు అక్షరములును అంకెలును ఉండెడివి. అది చెరిగినను, పిల్లలు గోళ్లతో గీకివేసినను గృహస్థు గతి ఇంతే సంగతులు. 2012వ సంవత్సరమున విండోసు 8 వచ్చినది మొదలు ఆ పద్ధతి మారినది. తయారుచేయువారు ఆ కీని మదర్‌బోర్డుమీది యొక చిప్పులోనే వ్రాసి పంపుచున్నారు. మనము తుడిచివేయునది డిస్కును గాని, ఆ చిప్పును కాదు. పెండ్లిలో ఇచ్చిన ఇత్తడి బిందెమీద పేరు చెక్కించెదము గదా. చింతపండుతో ఎంత తోమినను ఆ పేరు పోవునా? ఇదియు నట్టిదే.

కాగా మరల వేయుపద్ధతి చాల సులభము. కనీసము 8 జీబీ గల ఖాళీ పెన్‌డ్రైవొకటి చాలును. మైక్రోసాఫ్టువారి సైటునుండి విండోసు 11ను ఉచితముగా దానిలోనికి దింపుకొనవచ్చును. దానితో యంత్రమును తెరిచినచో, వేయు కార్యక్రమము చిప్పులోని కీని తానే చదువుకొని, హోమ్ వేయవలెనో ప్రో వేయవలెనో తానే నిర్ణయించుకొనును. పిదప ఇంటర్నెట్టు తగిలినంతనే యాక్టివేషను జరిగిపోవును. సెట్టింగులలో సిస్టమ్, దానిలో యాక్టివేషన్ అను చోట చూచిన నిజము తెలియును. ఒకవేళ కీ యేదని యడిగినను, లేదని చెప్పి ముందునకు సాగవచ్చును. కాని అప్పుడు కొన్న రకమునే ఎంచుకొనవలెను. హోమ్ కొన్న యంత్రమున ప్రో వేసినచో అది యాక్టివేటు కాదు. కార్యాలయములకై అమ్ము యంత్రములలో తరచుగా ప్రోయే యుండును.

అయితే టెక్నీషియనుతో తగవు పెట్టుకొనుటకు ముందు కొన్ననాటి బిల్లును చూడుడు. కొన్ని చౌక కంప్యూటర్లు విండోసు లేకయే, డాస్ అను పేరుతో అమ్ముడగుచుండును. బిల్లులో అట్లున్నచో చిప్పులో కీ యుండదు. అతడు చెప్పినదే నిజము. మన సోదరి విషయమున విండోసు కొన్ననాడే యున్నదని వ్రాసినది గనుక ఆమెకు ధైర్యము చెప్పుచున్నాను. అయినను బిల్లు ఒకసారి చూచుకొనుట మేలు. అంగడివాడే కాజేసిన విండోసు వేసి యిచ్చిన సందర్భములును లేకపోలేదు.

కాజేసిన దాని మాట వచ్చినది గనుక చెప్పుచున్నాను. "కీ కొననక్కరలేదమ్మా, నేనొక చిన్న కార్యక్రమము వేసెదను, అదే యాక్టివేటు చేయును" అనువాడు కీ అమ్మువానికంటె ప్రమాదకారి. ఆ చిన్న కార్యక్రమమును వేయుటకై మొదట యాంటీవైరసును ఆపుమనును. కావలివానిని నిద్రపుచ్చి లోనికి వచ్చువాడెట్టివాడో వేరుగా చెప్పవలెనా? బ్యాంకు వ్యవహారము నడచు యంత్రమున దానిని ఎన్నడును వేయనీయకుడు. కొన్ని వందల రూపాయలకే దొరకు కీలు కూడ పెద్ద సంస్థల మొత్తపు లైసెన్సులనుండి జారినవి కావచ్చును. నేడు పనిచేసినను రేపు నిలిచిపోవచ్చును.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన సంగతి. విండోసు పోయిన మరల వచ్చును. లెక్కలు పోయిన మరల రావు. తుడుచుటకు ముందు పద్దులు, ఫొటోలు, బిల్లులు వేరొక డిస్కులోనికి ఎత్తించి, అవి తెరచుకొనుచున్నవో లేదో స్వయముగా చూడుడు. "కాపీ చేసితినమ్మా" అన్న మాటతో తృప్తిపడరాదు. అటుపిమ్మట బిట్‌లాకరు సంగతి యున్నది. ఇది డిస్కులోని వ్రాతను ఇతరులు చదువలేని గూఢలిపిగా మార్చును. దానిని విప్పుటకు నలువదియెనిమిది అంకెల సంఖ్య కావలెను. 2024లో వచ్చిన విండోసు 11 రూపమును క్రొత్తగా వేసి, మైక్రోసాఫ్టు ఖాతాతో లోనికి ప్రవేశించినచో చాల యంత్రములలో ఈ తాళము మనము కోరకయే పడును. ఆ సంఖ్య ఏ ఖాతాతో ప్రవేశించితిమో ఆ ఖాతాలో చేరును.

ఇచ్చటనే స్త్రీలు ఏమరుచున్నారు. పని త్వరగా ముగియవలెనని టెక్నీషియను తన ఖాతాతోనే ప్రవేశించి యంత్రము నప్పగించిన యెడల, మీ యింటి లెక్కల తాళపుచెవి అతని జేబులో నున్నట్లే. అతడు మంచివాడే కావచ్చును. ఊరు మారినచో నేమి చేయుదురు? కావున ఆ సమయమున దగ్గర కూర్చుండి మీ ఖాతాతోనే మీరే ప్రవేశింపుడు. ఆ సంఖ్యను కాగితముమీద వ్రాసి, కంప్యూటరు ప్రక్కన గాక బీరువాలో నుంచుడు.

పని నడుమ యంత్రము డిస్కే లేదని చెప్పినచో కంగారుపడవలదు. కొన్ని ఇంటెల్ యంత్రములలో డిస్కును గుర్తించు డ్రైవరు వేరుగా ఈయవలసియుండును. అది తయారుచేసినవారి సైటులో దొరకును. వైఫై డ్రైవరును కూడ ముందుగానే మరియొక పెన్‌డ్రైవులో దింపియుంచుట మేలు. ఇంటర్నెట్టు లేనిదే పని ముందుకు సాగనిచో అదియే అక్కరకు వచ్చును. విండోసు 10 వేసెదమన్నచో ఒప్పుకొనకుడు. 2025 అక్టోబరు 14తో దానికి సాధారణపు రక్షణ సవరణలు నిలిచిపోయినవి.

మదర్‌బోర్డు చెడి మార్చవలసివచ్చినప్పుడు మాత్రము ఈ హక్కు చిక్కులో పడును. ఆ పని బయటివారిచేత గాక, గ్యారంటీ యున్నంతకాలము తయారుచేసినవారి మనుష్యులచేతనే చేయించుడు. విండోసు యాక్టివేటైనట్లు మీ యెదుట చూపినగాని రసీదుమీద సంతకము చేయకుడు. ఈ హక్కును వేరొక యంత్రమునకు మార్చుకొనుటకు వీలులేదు. కంప్యూటరును అమ్మివేసినచో కొన్నవానికే దానితోపాటు పోవును.