ముల్లు చెప్పిన కథ

సంక్రాంతి సెలవులకు మా మనవడు వచ్చాడు. పెరట్లో ఆడుకుంటుంటే కాలిలో ముల్లు దిగింది. చెబితే ఆట మాన్పిస్తారని ఎవరితోనూ అనలేదు. మూడోనాటికి మడమ ఎర్రబడి, వాచి, ముల్లు చుట్టూ చీము చేరింది. కుంటుతుంటే మా ఆవిడ పట్టుకుంది. డాక్టరుగారు ముల్లు తీసి, చీము తుడిచి, కట్టు కట్టారు.

"తాతయ్యా, చీమంటే కుళ్లిన రక్తమా?" అన్నాడు దారిలో.

"కాదురా. నీకోసం పోరాడి పడిపోయిన సిపాయిలు," అన్నాను.

వాడు నమ్మలేదు. మీరూ నవ్వుకుంటూ ఉండవచ్చు. కాని అది కట్టుకథ కాదు. దాన్ని మొదట కనిపెట్టిందీ ఒక ముల్లుతోనే.

1882లో రష్యన్ శాస్త్రజ్ఞుడు ఇల్యా మెచ్నికోవ్ ఇటలీ దేశపు సిసిలీ దీవిలో, మెస్సీనా పట్నంలో ఉండేవాడు. ఒకనాడు ఇంట్లోవాళ్లంతా కోతుల ఆట చూడటానికి సర్కసుకు వెళ్లారు. ఈయన ఒక్కడూ సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాడు. నక్షత్రచేప పిల్లల ఒళ్లు గాజులా ఉంటుంది; లోపల కణాలు పాకటం కంటికి కనిపిస్తుంది. ఈ కణాలు బయటి శత్రువును ఎదిరిస్తాయేమో అని ఆయనకు తోచింది. తోటలోంచి గులాబీ ముళ్లు తెచ్చి వాటి ఒంట్లో గుచ్చాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదట! తెల్లవారి చూస్తే ముళ్ల చుట్టూ కణాలు గుంపుకట్టి ఉన్నాయి. వాటికి భక్షక కణాలని పేరు వచ్చింది. 1908లో ఆయనకూ, పాల్ ఎర్లిక్‌కూ కలిపి నోబెల్ బహుమతి ఇచ్చారు.

మా వాడి మడమలో జరిగిందీ అదే. గాయమైన చోటినుంచి రసాయనాల కబురు వెళుతుంది. అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి. అందుకే ఆ ఎరుపు, ఆ వేడి, ఆ వాపు. రక్తంలో పోతున్న తెల్లకణాలు నాళం గోడను అంటుకుని, సందు చేసుకుని బయటకు జారి, వాసన పట్టిన చీమల్లా అక్కడికి పాకుతాయి. వీటిలో ముందు వచ్చేవి న్యూట్రోఫిల్స్. మన ఎముకల మూలుగలో ఇవి రోజుకు సుమారు 10,000 కోట్లు పుడతాయి.

సూక్ష్మజీవి దొరకగానే తెల్లకణం తన ఒంటినే చేతుల్లా చాచి, చుట్టేసి మింగుతుంది. మింగినదాన్ని సంచిలో బంధించి, అందులోకి జీర్ణరసాలు వదులుతుంది. అంతటితో ఆగదు, మనం నీళ్ల శుద్ధికి వాడే బ్లీచింగ్ పొడరు జాతి మందును కూడా అక్కడికక్కడే తయారుచేసి పోస్తుంది. ఆ తయారీకి తోడ్పడే ఎంజైము రంగు ఆకుపచ్చ. చీములో పచ్చఛాయ కనిపించేది దానివల్లే.

కొన్ని సూక్ష్మజీవులు జారుడు పొర కప్పుకుని పట్టు చిక్కవు. అప్పుడు రక్తంలోని ప్రతిదేహాలు వాటికి అంటుకుంటాయి. వట్టి అన్నం వద్దన్న పిల్లవాడు ఆవకాయ కలిపితే ముద్ద మింగినట్టు, ఇక తెల్లకణాలు వాటిని వదలవు.

పోరాటం ముగిశాక న్యూట్రోఫిల్స్ చాలావరకు అక్కడే చనిపోతాయి. వాటి శవాలే చీములో ముఖ్యభాగం. వెనకనే మాక్రోఫేజులనే పెద్ద భక్షకులు వచ్చి, ఆ శవాలనూ చెత్తనూ మింగి చోటు శుభ్రం చేస్తాయి. ముల్లూ గాయమూ లేనినాడు కూడా వీటికి సెలవు లేదు. 120 రోజులు పనిచేసి ముసలివైన ఎర్రకణాలను ప్లీహంలో, కాలేయంలో ఇవే తింటాయి. అందులోని ఇనుమును పారేయక, కొత్త రక్తానికి తిరిగి ఇస్తాయి. మన ఇల్లాళ్ల పొదుపు చూసి నేర్చుకున్నాయా అనిపిస్తుంది!

అయితే ఈ సేన అజేయం కాదు. క్షయ సూక్ష్మజీవి మాక్రోఫేజు మింగినా చావక, దాని కడుపులోనే కాపురం పెడుతుంది. క్షయ మందులు నెలల తరబడి వాడవలసి రావటానికి ఇదొక కారణం. మధుమేహం అదుపు తప్పితే న్యూట్రోఫిల్స్ మందగిస్తాయి.

ఈ చివరిమాట నాకు పుస్తకంలో చదవకముందే తెలిసింది. మా అన్నయ్యకు మధుమేహం. కొన్నేళ్లకిందట పొలం గట్టుమీద తుమ్మముల్లు గుచ్చుకుంది. పాదాల్లో స్పర్శ తగ్గినందువల్ల నొప్పి తెలియలేదు. పుండు కనిపించాక కూడా పసుపు రాసి ఊరుకున్నాడు. "ముల్లేగా, అదే పోతుందిలే" అన్నవాణ్ణి నేనే. చివరికి బొటనవేలు తీసేశారు. ఆయన ఒక్కనాడూ నన్ను అనలేదు. అందుకే నేను మరిచిపోలేను. మీ ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దలుంటే, రోజూ ఒకసారి వాళ్ల పాదాలు చూడండి. చిన్నగాయమైనా డాక్టరుకు చూపించండి.

కథంతా విని మా మనవడు కట్టువైపు కాస్త గౌరవంగా చూశాడు.

"ఈసారి ముల్లు దిగితే వెంటనే చెబుతావా?" అన్నాను.

"చెబుతాను గాని తాతయ్యా, ఆట మాత్రం మాన్పించకూడదు!"

ఒప్పుకున్నాను.