మిద్దెమీద కట్టిన విమానానికి రూలు ఎక్కడుంది?

ముంబయి కాందివలి చార్కోప్‌లో ఒక భవనం మిద్దెమీద ఆరు సీట్ల విమానం తయారైన సంగతి మన మహారాష్ట్ర పాఠకులకు గుర్తుండే ఉంటుంది. కట్టినవారు కెప్టెన్ అమోల్ యాదవ్, వృత్తిరీత్యా పైలట్. 2016 ఫిబ్రవరిలో ‘మేక్ ఇన్ ఇండియా’ వారోత్సవంలో ఆ విమానాన్ని జనం చూశారు. పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ (డీజీసీఏ) నుంచి రిజిస్ట్రేషన్ 2017 నవంబరులో వచ్చింది. ఎగరేసి పరీక్షించుకోవడానికి కావలసిన ‘పర్మిట్ టు ఫ్లై’ 2019 అక్టోబరులో చేతికందింది. విమానం సిద్ధమయ్యాక కాగితాలకే మూడున్నరేళ్లు పట్టాయన్నమాట.

ఆ విమానం నంబరు వీటీ-ఎన్ఎండీ. ‘వీటీ’ మన దేశపు గుర్తు. మిగతా అక్షరాలు ప్రధాని నరేంద్ర మోదీ, అప్పటి ముఖ్యమంత్రి దేవేంద్ర ఫడ్నవీస్ పేర్ల నుంచి తీసుకున్నవి. ఇద్దరూ చొరవ తీసుకోబట్టే ఫైలు కదిలిందన్న కృతజ్ఞత అది. అందులో తప్పు పట్టడానికి లేదు. అయితే రూలు ప్రకారం రావలసిన కాగితానికి ముఖ్యమంత్రి, ప్రధాని దాకా వెళ్లవలసి వస్తే, అంత దూరం వెళ్లలేనివాడి గతి ఏమిటన్నది మేము అడగదలచిన ప్రశ్న.

ఇతర దేశాల్లో ఎలా ఉంది?

అమెరికాలో సొంతంగా కట్టుకునే విమానాలకు ‘ఎక్స్‌పెరిమెంటల్’ అనే ప్రత్యేక తరగతి ఉంది. అక్కడ ‘51 శాతం రూలు’ అని వాడుకలో ఉన్న నిబంధన ప్రకారం విమానం పనిలో సగానికి పైగా ఔత్సాహికులే చేయాలి, అదీ నేర్చుకోవడానికో సరదాకో అయి ఉండాలి. కంపెనీ అమ్మే కిట్‌లో రెక్కల భాగాలు, రివెట్లు, కేబుళ్లు వచ్చినా బిగింపు పని కొన్నవాడిదే. పూర్తయ్యాక తనిఖీ ఉంటుంది. ఆ తర్వాత నిర్ణయించిన ప్రాంతంలోనే, జనావాసాలకు దూరంగా, సాధారణంగా 25 లేదా 40 గంటలు ఎగిరి చూపాలి. డబ్బు తీసుకుని ప్రయాణికులను ఎక్కించుకోకూడదు. మామూలు విమానాల భద్రతా ప్రమాణాలకు ఇది లోబడి లేదన్న హెచ్చరిక ఎక్కేవారికి కనపడేలా లోపల అతికించి తీరాలి.

బ్రిటన్‌లో ఈ పని చాలావరకు ‘లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్’ అనే సభ్యుల సంఘానికి అక్కడి ప్రభుత్వ సంస్థ అప్పగించింది. సంఘం ఇన్‌స్పెక్టరు ఒక్కో దశలో వచ్చి చూసి సంతకం పెడతాడు. కేరళలోని అలప్పుళకు చెందిన ఇంజినీరు ఒకరు లాక్‌డౌన్ కాలంలో అక్కడే, దక్షిణాఫ్రికా కిట్ తెప్పించుకుని, నాలుగు సీట్ల విమానం సుమారు ఏడాదిన్నరలో కట్టుకున్నారు. కుటుంబంతో యూరప్ దేశాలు తిరిగివచ్చారని 2022లో మన పత్రికలన్నీ రాశాయి.

ఈ రెండు కథలనూ ఒకే తక్కెడలో తూచకూడదు. కిట్ విమానం డిజైన్ అప్పటికే ఎందరో కట్టి ఎగరేసినది. యాదవ్‌ది సొంత డిజైన్, పైగా ఆరు సీట్లు. దానికి తనిఖీ ఎక్కువ ఉండటం న్యాయమే. కిట్‌కు ఒక దారి, ప్లాను కొని కట్టినదానికి ఒక దారి, సొంత డిజైన్‌కు మరో దారి ఉండాలని మేము అనేది అందుకే.

రూలు లేనిచోట ప్రాణం పోతుంది

జాగ్రత్త వద్దని ఎవరూ అనరు. 2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో సకల సర్టిఫికెట్లూ ఉన్న పెద్ద విమానమే కూలింది. నేలమీద ఉన్న 19 మంది కూడా చనిపోయారు. ఇంత జనసాంద్రత ఉన్న దేశంలో ఇంట్లో కట్టిన విమానాన్ని ఊరిమీద ఎగరనివ్వాలా అన్న భయం సహజం.

అయితే అనుమతి ఇవ్వనంత మాత్రాన కట్టేవాళ్లు ఆగడం లేదు. 2021 ఆగస్టులో యవత్మాల్ జిల్లా ఫుల్‌సావంగిలో వెల్డింగ్ పని చేసుకునే ఒక యువకుడు కారు ఇంజిన్‌తో హెలికాప్టర్ కట్టాడు. నేలమీద పరీక్షిస్తుండగా రెక్క విరిగి తలకు తగిలి చనిపోయాడు. తెలంగాణ సరిహద్దును ఆనుకున్న జిల్లా అది. పనితనం ఉంది, పట్టుదల ఉంది. ‘ఈ వెల్డు నిలవదు, ఆగు’ అని చెప్పగల ఇన్‌స్పెక్టరు మాత్రం లేడు. ఆ మాట చెప్పే మనిషిని బిల్డరు దగ్గరికి పంపడమే సర్టిఫికేషన్ రూలు చేసే మేలు.

మరి ఆ మనుషులు ఎక్కడున్నారు? డీజీసీఏలో మంజూరైన పోస్టుల్లో దాదాపు సగం ఖాళీగా ఉన్నాయని 2025లో పార్లమెంటు స్థాయీ సంఘమే ఎత్తిచూపింది. విమానయాన కంపెనీలను చూసుకోవడానికే చాలని సిబ్బందికి మిద్దెమీది విమానం చివరి పనవుతుంది. బ్రిటన్ పద్ధతిలో లైసెన్సు ఉన్న మెయింటెనెన్స్ ఇంజినీర్లకు, ఫ్లయింగ్ క్లబ్బులకు, ఏరోనాటికల్ కాలేజీలకు దశలవారీ తనిఖీ అప్పగించి, ఆఖరి సంతకం డీజీసీఏ దగ్గర ఉంచుకుంటే ఇరువైపులా భారం తగ్గుతుంది.

మనకెందుకు ఈ గొడవ?

మనవాళ్లున్న ఊళ్ల పక్కనే రన్‌వేలున్నాయి. హోసూరు దగ్గర బెలగొండపల్లిలో ఒక ప్రైవేటు సంస్థ చిన్న విమానాలు తయారుచేసింది, దానికి సొంత రన్‌వే ఉంది. బెంగళూరులో జక్కూరు ఉంది. అక్కడి నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్ చేసిన రెండు సీట్ల హంస విమానానికి డీజీసీఏ సర్టిఫికెట్ కూడా ఇచ్చింది. ఒడిశాలో బరంపురం పక్కన రంగైలుండ, కోరాపుట్ వైపు జైపూర్ ఉన్నాయి. ఇన్ని ఉన్నా, ఐటీఐ చదివిన మన పిల్లవాడు కిట్ విమానం కట్టాలనుకుంటే మొదట ఏ ఆఫీసుకు వెళ్లాలో తెలుగులో కాదు కదా, కన్నడంలోనో తమిళంలోనో చెప్పే ఒక్క కాగితం మా కంట పడలేదు.

1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియమ్ 2025 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. విమానాల డిజైన్‌ను నియంత్రించే అధికారం అందులో స్పష్టంగా రాశారు. ఆ బిల్లును పార్లమెంటులో నడిపించిన మంత్రి శ్రీకాకుళానికి చెందిన కింజరాపు రామ్మోహన్ నాయుడు. మనవాడు కాబట్టి సిఫారసు చేయమని మేము అడగడం లేదు. సిఫారసు అక్కరలేని రూలు రాయమంటున్నాం: మూడు తరగతులకు మూడు దారులు, ప్రతి దశకూ గడువు, నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా, నేలమీది జనానికి నష్టపరిహారం దక్కేలా తప్పనిసరి బీమా, ప్రాంతీయ భాషల్లో మార్గదర్శి.

ఈసారి ఎవరి విమానానికైనా నంబరు వస్తే అందులో ఏ నాయకుడి పేరూ పెట్టవలసిన అవసరం రాకూడదు. కట్టినవాడు తన అమ్మ పేరో ఊరి పేరో పెట్టుకుంటాడు.