వ్రేలే కదా యని ఉపేక్షింపరాదు

ఆటస్థలమున బాలుని కాలు విరిగినచో పాఠశాల యంతయు పరుగెత్తి వచ్చును. చేయి విరిగినచో ఉపాధ్యాయుడు ఆటో పిలిచి స్వయముగా ఆసుపత్రికి కొనిపోవును. వ్రేలు విరిగినచో మాత్రము ప్రక్కనున్నవాడు నవ్వి, “వ్రేలే కదా! ఒకమారు లాగి వదలుము, సరిపోవును” అని సలహా నొసంగును. ఈ “వ్రేలే కదా” అను మాటను గూర్చియే పాఠకుల యెదుట నాలుగు మాటలు విన్నవింపదలచితిని.

విరిగిన వ్రేలి విషయమున మనవారు చేయు తప్పులు రెండు. మొదటి దినమున తొందరపడుదురు. నాలుగవ వారమున అలసత్వము వహింతురు. తొందర వలన ఎముక వంకరగా అతుకుకొనును. అలసత్వము వలన ఎముక చక్కగా అతుకుకొన్నను వ్రేలు కొయ్యబారిపోవును. ఈ రెండింటిలో రెండవదియే మన యిండ్లలో ఎక్కువ హాని చేయుచున్నదని నా నమ్మకము. ఏలయన, మొదటిదానిని సరిదిద్దుటకు వైద్యుడున్నాడు. రెండవదానిని సరిదిద్దవలసినది మనమే.

ముందుగా చేతి నిర్మాణమును కొంచెము చూతము. ఒక్కొక్క చేతియందు 27 ఎముకలు గలవు. మణికట్టున 8, అరచేతియందు 5, వ్రేళ్ళయందు 14. బొటనవ్రేలికి రెండేసి, తక్కిన నాలుగు వ్రేళ్ళకు మూడేసి. విచిత్రమేమనగా, వ్రేళ్ళను కదల్చు కండరములు వ్రేళ్ళలో లేవు. అవి ముంజేతియందును అరచేతియందును ఉండి, సన్నని త్రాళ్ళవంటి స్నాయుబంధకములచే వ్రేలి ఎముకలను లాగుచుండును. మగ్గము క్రింద కాలితో త్రొక్కినచో పైన పోగులు లేచి దిగునట్లే, ముంజేతిలో కండరము బిగిసినచో వ్రేలికొన వంగును. ఈ త్రాళ్ళు ఎముకనంటియే జారుచుండును. కనుక ఎముక విరిగినప్పుడు గడ్డకట్టిన రక్తమును, వాపును తగ్గుచున్నకొలది, కదలిక లేని త్రాళ్ళు చుట్టునున్న కండకు అతుకుకొనును. కణుపులను చుట్టియున్న పొర ముడుచుకొనిపోవును. వ్రేలు కొయ్యబారుట యనగా ఇదియే. తొడయెముక వలె వ్రేలియెముక బరువు మోయదు. దాని పని యంతయు కదలికయే. కదలని వ్రేలు, అతికిన వ్రేలైనను, బాగుపడిన వ్రేలు కాదు.

మన షోలాపురమున ఈ మాటకు విలువ మిక్కిలి యెక్కువ. పట్టణపు పూర్వభాగమున తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబములలో అధికభాగము వ్రేళ్ళ నేర్పుమీద బ్రతికినవే. తండ్రి మగ్గమువద్ద తెగిన పోగును క్షణములో ముడివేయును. తల్లి తునికాకును కత్తిరించి, పొగాకు పోసి, చుట్టి, కొనలు మడిచి, దారము కట్టును. ఈ పనులలో బలముకంటె వ్రేలికొనల చురుకుదనమే ప్రధానము. ఒక చూపుడువ్రేలు పూర్తిగా ముడుచుకొనకున్నచో దినమునకు కట్టు బీడీల లెక్క తగ్గును, కూలియు తగ్గును. విద్యార్థికి వ్రాత మందగించును. కావున “వ్రేలే కదా” యని తేలికగా పలుకుటకు మనకు ఎవ్వరికంటెను తక్కువ హక్కు కలదు.

ఇక మొదటి దినపు తొందరను గూర్చి. బంతి తగిలి గాని, కబడ్డీలో పట్టు తప్పి గాని, తలుపు సందున పడి గాని వ్రేలు వాచినప్పుడు మనకొక మూఢవిశ్వాసము అడ్డువచ్చును: “వ్రేలు కదలుచున్నది, కనుక విరుగలేదు” అని. ఇది సరికాదు. విరిగిన వ్రేలు సయితము కదలవచ్చును. బెణుకా, కీలు తప్పినదా, విరిగినదా అను సంగతి పైచూపునకు తెలియదు. లాగినచో కీలు తప్పినది చక్కబడునని లాగుదురు. అది విరిగినదే యైనచో ఎముక ముక్క మరింత తొలగును. కొండనాలుకకు మందు వేయగా ఉన్న నాలుక ఊడినట్లగును.

సరియైన ప్రథమచికిత్స మిక్కిలి సులభము. ఉంగరమున్నచో వాపు పెరుగకముందే తీసివేయవలెను. మంచుగడ్డను గుడ్డలో చుట్టి 15 నుండి 20 నిమిషములు ఉంచవలెను. మంచు దొరకనిచో చల్లని నీటి గుడ్డ చాలును. చేతిని గుండెకంటె ఎత్తున నిలుపవలెను. వ్రేలు ఏ స్థితిలోనున్నదో ఆ స్థితిలోనే చిన్న బద్దనో, మందపు అట్టముక్కనో ఆనించి వదులుగా కట్టవలెను. నూనె రాచి మర్దన చేయుట, కాపడము పెట్టుట మొదటి దినములలో కూడదు. చర్మము చిట్లి ఎముక విరిగినచోను, వ్రేలు నీలివర్ణమై చల్లబడినచోను, స్పర్శ తెలియకున్నచోను, పిల్లలలో గోరు మొదట రక్తము కారుచున్నచోను ఆ క్షణముననే ఆసుపత్రికి పోవలెను.

అక్కడ ఎక్స్-రే తీయింపవలెను. 1895వ సంవత్సరాంతమున రాంట్జెన్ పండితుడు ఈ కిరణములను కనుగొన్నప్పుడు లోకమును ఆశ్చర్యపరచిన మొదటి చిత్రము ఆయన భార్య చేతిదియే. అందు వ్రేలి ఎముకలును, వ్రేలినున్న ఉంగరమును కనబడెను. వ్రేలి ఎముకలు ఇంత సులభముగా కన్నులకు కట్టు ఈ కాలమున ఊహమీద ఆధారపడనేల? వ్రేలిని రెండు మూడు ప్రక్కలనుండి చిత్రము తీయవలెను. ఒక ప్రక్క కనబడని చీలిక మరియొక ప్రక్క కనబడును. ఎముక మెలితిరిగినదేమో తెలిసికొనుటకు వైద్యుడు మెల్లగా పిడికిలి మూయించును. ఆరోగ్యముగల చేతిలో ముడిచిన వ్రేళ్ళ కొనలన్నియు బొటనవ్రేలి మొదలున గల మణికట్టువైపు మొగ్గును. ఒక వ్రేలు ప్రక్కదానిపై కెక్కినచో ఎముక మెలిపడినదని గుర్తు. ఈ మెలిని ఆరంభముననే సరిదిద్దవలెను. పిల్లల వ్రేలి ఎముకల మొదళ్ళయందు ఎముక పెరుగు మెత్తని భాగము లుండును గనుక వారి విషయమున ఆలస్యము మరింత హానికరము.

ఇచ్చట నాటువైద్యమును గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. మన పెద్దలు కట్టుకట్టువారియందు గౌరవము గలవారు. తిరుపతి చేరువనున్న పుత్తూరు కట్టు పేరు ఎరుగని తెలుగువారరుదు. ఆ గౌరవము నిరాధారము కాదు. సుశ్రుతసంహిత ఎముకల గాయములను కీళ్ళు తప్పినవి ఆరు విధములని, ఎముకలు విరిగినవి పండ్రెండు విధములని విభజించినది. వెదురు మొదలగువాని బద్దలతో కట్టు విధానమును చెప్పినది. కట్టు మిక్కిలి బిగువైనను, మిక్కిలి వదులైనను కీడేయని హెచ్చరించినది. నేను కాదనునది ఆ విద్యను గాదు. లోపలి స్థితిని చూడకయే బిగించి కట్టు అలవాటును. బిగుతు కట్టు క్రింద రక్తప్రసారము నిలిచినచో వ్రేలు కుళ్ళి తీసివేయవలసివచ్చును. ఎముక కంటికి కనబడని కాలమున చేతిస్పర్శయే గతి. కనబడు కాలమున చూచి కట్టుటయే ఆ పూర్వుల వివేకమునకు తగిన పని.

ఇక అసలు విషయమునకు వత్తము. కట్టు కట్టిరి, ఇంటికి వచ్చితిమి, నొప్పి తగ్గినది. మన యిండ్లలో చికిత్స అంతటితో ముగిసినట్లే భావింతురు. “ఎముక బాగుగా గట్టిపడనిండు” అని మూడు వారముల కట్టును రెండు నెలలుంచువారు కలరు. విప్పిన పిదప కూడ చేతిని ఒడిలో పెట్టుకొని, ప్రేమతో అన్నము కలిపి నోట పెట్టు తల్లులు కలరు. ఆ ప్రేమ నింద్యము కాదు. కాని ఆ ప్రేమయే వ్రేలిని బంధించుచున్నది.

వ్రేలి ఎముకల సామాన్యమైన విరుగుళ్ళకు సుమారు మూడు నాలుగు వారముల కట్టు చాలును. అంతకంటె ఎక్కువ కాలము కదలనీయనిచో కణుపులు బిగుసుకొనును. స్థానము తప్పని చిన్న విరుగుడైనచో వైద్యులు దానిని ప్రక్క వ్రేలితో జతచేసి పట్టీవేసి, కొద్దిదినములలోనే మెల్లగా కదల్పుమందురు. కట్టులో లేని వ్రేళ్ళను, మోచేతిని, భుజమును మొదటి దినమునుండియే కదల్చుచుండవలెను. కట్టు విప్పినతోడనే వ్రేలు వాచి, బిగిసి, బలహీనముగా నుండును. ఇది సహజము, భయపడ పనిలేదు. దినమునకు నాలుగైదు పర్యాయములు, గోరువెచ్చని నీటిలో చేయి నుంచి, ఒక్కొక్క కణుపును మెల్లగా ముడిచి చాచవలెను. ఇతరులు బలవంతముగా వంచరాదు. రోగియే తన శక్తికొలది వంచవలెను. కొంచెము లాగినట్లుండుట మంచిదే. మరునాటికి వాపు పెంచు నొప్పి మంచిది కాదు.

ఇది పాశ్చాత్యుల నూతన సిద్ధాంతమని తలంపకుడు. చేతి గాయము మానిన పిదప మొదట మట్టిముద్దను, తరువాత ఉప్పును, బలము వచ్చిన పిమ్మట రాతిని పట్టించుమని సుశ్రుతసంహితయే చెప్పుచున్నది. మెత్తనిదానినుండి గట్టిదానికి క్రమముగా పోవు ఈ వ్యాయామమునే నేటి ఆసుపత్రులలో మెత్తని ముద్దలతోను, రబ్బరు బంతులతోను చేయించుచున్నారు. మన యింట చపాతీపిండి ముద్ద చాలదా? పిడికెడు పిండిని పిసుకుటకు రూపాయి ఖర్చులేదు, ఓర్పొక్కటే కావలెను.

అయితే ఒక హెచ్చరిక. అన్ని గాయములకును ఒకే సూత్రము పనికిరాదు. ఐదు వ్రేళ్ళు ఒక్కటిగా నుండవు గదా. బంతి వ్రేలికొనకు సూటిగా తగిలి, కొనకణుపును చాచు త్రాడు తెగినప్పుడు వ్రేలికొన వ్రేలాడును. దీనికి ఆరు నుండి ఎనిమిది వారములు రాత్రింబవళ్ళు కొనకణుపును చాచియే ఉంచవలెను. స్నానవేళ ఒక్కమారు వంగినను గడువును మరల మొదటినుండి లెక్కింపవలసి యుండును. ఒకచోట కదల్పక చెడును, మరియొకచోట కదల్చి చెడును. ఏది ఎప్పుడు అని చెప్పువాడు వైద్యుడు. దానిని స్పష్టముగా అడిగి తెలిసికొనుట మన విధి.

ఈ అడుగుటయందే మనకు ప్రత్యేకమైన చిక్కు కలదు. మన పట్టణమున ప్రభుత్వ వైద్యకళాశాల 1963లోనే వెలసినది. వైద్యుల కొరత మన ప్రధాన లోపము కాదు. వైద్యుడు మరాఠీలో చెప్పును, చీటీ ఆంగ్లమున వ్రాయును, ఇంట వ్రేలికి కాపలాయుండు అవ్వకు తెలుగే తెలియును. మూడు భాషల నడుమ అసలు మాట జారిపోవును. ఇచ్చట తెలుగు మాధ్యమమున చదువుచు మరాఠీ, ఆంగ్లములను నేర్చుచున్న విద్యార్థియే వంతెన కావలెను. వాడు వైద్యుని మూడు ప్రశ్నలు తప్పక అడిగి, సమాధానములను తెలుగున వ్రాసి ఇంట గోడకు అంటింపవలెను: కట్టు ఏ తేదీన విప్పవలెను? ఏ కణుపును ఏ తేదీనుండి కదల్పవలెను? ఏ గుర్తు కనబడినచో వెంటనే తిరిగి రావలెను? మాతృభాషలో చదువుట వలన ప్రయోజనమేమని అడుగువారికి ఇంతకంటె చక్కని ప్రత్యుత్తరముండునా?

పాఠశాలకును కొన్ని విధులు కలవు. ఆటస్థలమున ఒక చిన్న పెట్టె, అందు శుభ్రమైన గుడ్డలు, పట్టీలు, బద్దలు ఉండవలెను. గాయపడిన వ్రేలిని ఎవ్వరును లాగరాదను నియమము కబడ్డీ నియమములతో పాటు నేర్పవలెను. ఆటలాడునప్పుడు ఉంగరములు తీసివేయింపవలెను. కుడిచేతికి కట్టున్న విద్యార్థిని వ్రాతపనికై దండింపక, మౌఖికముగా పాఠము అప్పగించుకొనవలెను. పరీక్షలు సమీపించినచో వ్రాయసకాని ఏర్పాటునకై ప్రధానోపాధ్యాయుని ద్వారా ముందుగనే విన్నపము చేయవలెను. వైద్యుని అనుమతి లేక వానిని మరల ఆటకు దింపరాదు. ఎముక అతికినను పూర్వపు గట్టిదనము వచ్చుటకు మరికొన్ని వారములు పట్టును.

ఆహారమును గూర్చి పెద్ద ఖర్చులు అక్కరలేదు. 100 గ్రాముల రాగులలో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. పాలు, పప్పు, గ్రుడ్లు, ఆకుకూరలు, ఉదయపు ఎండ చాలును. పొగత్రాగుట మాత్రము ఎముక అతుకుటను ఆలస్యము చేయునని పెద్దలు గ్రహింపవలెను.

నేతగాని బిడ్డలకు ఇంతకంటె వివరింప నక్కరలేదు. తెగిన పోగును ముడివేయుటతో వస్త్రము పూర్తికాదు; ముడివేసిన పోగు మరల పడుగులో కలిసి, తక్కిన పోగులతో పాటు కదలినప్పుడే నేత సాగును. కట్టు అనునది ముడి మాత్రమే. నేత సాగించుట ఆ తరువాతి వారములలో, ఆ వ్రేలు గలవాని పట్టుదలయందున్నది. కావున విద్యార్థులారా, మీ మిత్రుని వ్రేలు వాచినప్పుడు లాగకుడు, నవ్వకుడు; ఆసుపత్రికి తోడుపొండు. వాని కట్టు విప్పిన నాడు మరల వానియింటికి పోయి, పిండిముద్ద చేతికిచ్చి, “ఇక పిసుకుము” అనుడు.