అంకణం అంటే ఎంత?

నెల్లూరులో స్థలం కొనేవాళ్ళు గజాల్లో మాట్లాడటం తక్కువ. "ఎన్ని అంకణాలు? అంకణం ఎంత చెప్తున్నారు?" అంతే. మనకి అంకణం అంటే 72 చదరపు అడుగులు, ఎకరానికి 605 అంకణాలు. చిత్తూరు వైపు పోతే అదే అంకణం 36 అడుగులు అవుతుంది. హాస్టల్లో చిత్తూరు రూమ్మేట్ ఉన్నవాళ్ళకి ఈ గొడవ తెలిసే ఉంటుంది. కానీ ఆ మాట పుట్టింది లేఔట్లలో కాదు, ఇంటి కప్పు కింద. మిద్దెలో దూలానికీ దూలానికీ మధ్య ఉండే జాగా పేరు అంకణం. అందుకే మా వింజమూరులో పెద్దవాళ్ళు ఇల్లు ఎంతని అడిగితే "ఐదంకణాల ఇల్లు" అంటారు, బెడ్‌రూములు లెక్కపెట్టరు.

ఇంగ్లండ్‌లో 600 ఏళ్ళ నాటి రైతుల ఇళ్ళనీ ఇలాగే కొలుస్తారు. ఓక్ కలపతో ముందు చట్రం నిలబెట్టి, ఆ తర్వాత గోడలు నింపిన ఇళ్ళు అవి. రెండు చట్రాల మధ్య జాగాని 'బే' అంటారు. మూడు బేల ఇల్లు, నాలుగు బేల ఇల్లు. మన అంకణమే, వేరే పేరు.

మన సివిల్ సిలబస్‌లో కలప ఎంతుందో మీకు తెలుసు. బిల్డింగ్ మెటీరియల్స్‌లో సగం యూనిట్: సీజనింగ్, డిఫెక్ట్స్, ప్లైవుడ్. కలప కట్టడాల డిజైన్‌కి ఐఎస్ 883 అని ఒక కోడ్ ఉందని వైవాలో అడిగితే మనలో ఎంతమంది చెప్తాం? అందుకే పాత మిద్దె చూస్తే మనకి "మట్టిల్లు" అనిపిస్తుంది. అది మట్టిల్లు కాదు. మట్టి కప్పుకున్న కొయ్య ఇల్లు.

మా అవ్వ వాళ్ళ మిద్దె సంగతి చెప్తాను. స్తంభాల మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా మూరకొకటి చొప్పున దంతెలు, వాటి మీద కట్టెలు, ఆకు, ఆ పైన మట్టి, అన్నిటికంటే పైన చౌడు. బయటి వైపు స్తంభాలు గోడలో కలిసిపోయి కనపడవు. కొన్నేళ్ళ కిందట ముసురుకి వెనక గోడ సగం జారిపోయింది. కప్పు కదల్లేదు. గోడ అక్కడ బరువు మొయ్యడం లేదు, జాగా మూస్తోంది అంతే. ఫ్రేమ్డ్ స్ట్రక్చర్, ఇన్‌ఫిల్ వాల్ అని మనం పరీక్షలో రాసేది ఇదే. కుసి, బెజ్జం కలిపి బిగించిన అతుకుల్లో ఒక్క ఇనప మేకు లేదు.

చౌడు సంగతి ఇంకా బాగుంటుంది. పంటకి పనికిరాని నేల ఇంటికి ఎలా పనికొచ్చింది? చౌడులో సోడియం ఎక్కువ. తడిస్తే బంకమట్టి రేణువులు విడిపోయి సందులన్నీ పూడ్చేస్తాయి, నీళ్ళు లోపలికి దిగవు. పొలంలో అదే శాపం, మిద్దె మీద అదే వాటర్ ప్రూఫింగ్.

ఇక బరువు. 30 సెంటీమీటర్ల మట్టి అంటే చదరపు మీటరుకి దాదాపు 500 కిలోలు. 12.5 సెంటీమీటర్ల ఆర్‌సీసీ శ్లాబు 310 కిలోల దగ్గర ఆగుతుంది. దంతె 10 × 10 సెంటీమీటర్లు, పొడవు రెండున్నర మీటర్లు, 40 సెంటీమీటర్లకొకటి అనుకుని లెక్క కట్టండి. మనుషుల బరువు కలపకుండానే వంపు ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకి 9 న్యూటన్లు దాటుతుంది. మంచి టేకు మోస్తుంది, కానీ మిగులు పెద్దగా ఉండదు. ఏటా వానలకి ముందు ఇంకో పొర చౌడు తోలుకుంటూ పోతే, పాతది తియ్యకపోతే, ఆ మిగులు కూడా పోతుంది. పైగా గోడలో దాగిన కొసల్లో చెద. వానాకాలంలో మిద్దె కూలి మనుషులు పోయారనే వార్తలు అందుకే వస్తాయి.

కాబట్టి "అన్ని మిద్దెలూ కాపాడుకుందాం" అని నేను అనను. ఉరుస్తుంటే గిన్నెలు పెట్టుకుని రాత్రంతా కూర్చున్నవాళ్ళని శ్లాబు వద్దనడానికి మనమెవరం? గోడలు మెత్తి, అలికి నడుము పోయింది ఆడవాళ్ళకి. ఇంకోటి, ఊళ్ళో అందరికీ మిద్దెలు లేవు. టేకు దూలం కొనగలిగినవాళ్ళకే మిద్దె, మిగతావాళ్ళకి పూరిపాక. ఇది మర్చిపోయి పాతకాలం గొప్పది అని రాసే వ్యాసాలు మన పత్రికలోనే చాలా వచ్చాయి.

నా గొడవ వేరే. పడగొట్టే ముందు కొలవరా? కెంట్‌లో బేలీఫ్ అని ఒక రైతు ఇల్లుంది, పాత భాగం 1400ల మొదట్లోది. రిజర్వాయర్ కింద మునుగుతుందని 1968-69లో అతుకు అతుకూ విప్పి, సింగిల్టన్ దగ్గరి మ్యూజియంలో మళ్ళీ నిలబెట్టారు. మనకీ పక్కనే సోమశిల ఉంది. పెన్న ఒడ్డున ఎన్నో ఊళ్ళు నీళ్ళలోకి పోయాయి. ఇప్పుడు ఆ ఇళ్ళ ప్లాన్లు చూద్దామంటే ఎవర్ని అడగాలి? ఇంగ్లండ్ దాకా ఎందుకు, చెన్నై దగ్గర ముట్టుకాడులోని దక్షిణచిత్రలో పాత ఇళ్ళు విప్పి తెచ్చి నిలబెట్టారు. అందులో ఆంధ్ర ఇళ్ళూ ఉన్నాయి.

ఉదయగిరి చెక్క గరిటెలకి జీఐ ట్యాగ్ వచ్చింది, మంచిదే. ఆ ఉదయగిరి చుట్టుపక్కల ఊళ్ళలోనే స్తంభాలు, తలుపులు కొనేవాళ్ళు లారీలతో తిరుగుతున్నారు. రేపు అవి ఏ రిసార్ట్‌లోనో రిసెప్షన్ పక్కన నిలబడతాయి. స్తంభం మిగులుతుంది, అంకణం పోతుంది. ఏ దూలం దేనిమీద కూర్చుందో తెలియకపోతే అది ఉత్త కొయ్య.

దీనికి గ్రాంటు అక్కర్లేదు. టేపు, నోట్‌బుక్, ఫోన్ చాలు. ప్లాన్, ఒక సెక్షన్, అతుకుల ఫొటోలు, ఇంట్లో పెద్దవాళ్ళు ఒక్కో కొయ్యకి చెప్పే పేరు. ఊళ్ళో పాత వడ్రంగి ఉంటే ముందు ఆయన దగ్గర కూర్చోండి. సివిల్ వాళ్ళు ఆటోక్యాడ్‌లో గీస్తారు, పేర్లు రాయడం మన క్లబ్ పని.

మా మిద్దె ఉగాది దాటాక పడగొడుతున్నారు, మామయ్య బోరు మేస్త్రీతో కూడా మాట్లాడేశాడు. ఆలోపు రెండు ఆదివారాలు ఖాళీ ఉన్నవాళ్ళు గ్రూపులో చెప్పండి. నెల్లూరు బస్టాండు నుంచి కలిసి పోదాం, అన్నం అవ్వ పెడుతుంది.