అనంతపురం దులీప్‌కు ఏడాది: రెండు పనులు చేసినోళ్ళలో ముందెవరు?

2025 సెప్టెంబర్ 15న బెంగళూరులో దులీప్ ట్రోఫీ ఫైనల్ ముగిసింది. సౌత్ జోన్‌ను ఓడించి సెంట్రల్ జోన్ కప్పు ఎత్తుకుపోయింది. టోర్నీ మొత్తానికి ఉత్తమ ఆటగాడిగా సారాంశ్ జైన్‌ను ఎంపిక చేశారు. టీవీ ప్రకటనల్లో కనిపించే పేరు కాదు ఇది. ఆఫ్ స్పిన్ వేస్తాడు, కింది వరుసలో వచ్చి పరుగులు చేస్తాడు, అంతే. కానీ అనంతపురం వాళ్ళకు మాత్రం ఈ పేరు కొత్త కాదు. 2024 సెప్టెంబర్‌లో ఇండియా-డీ తరఫున ఇక్కడి ఆర్డీటీ స్టేడియంలో ఆడాడు. ఇండియా-సీ మీద రెండో ఇన్నింగ్స్‌లో 4 వికెట్లు తీశాడు. అయినా ఆ మ్యాచ్ ఓడిపోయారు కాబట్టి ఆ 4 వికెట్ల గురించి ఎవరూ మాట్లాడుకోలేదు.

అప్పట్లో అనంతపురంలో జరిగింది చిన్న టోర్నీ కాదు. మొత్తం 6 మ్యాచుల్లో 5 ఇక్కడే జరిగాయి, ఒక్కటే బెంగళూరు చిన్నస్వామిలో. దేశంలోనే వాన తక్కువ పడే జిల్లాల్లో మనదొకటి, ఏడాది సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. అలాంటి చోట శ్రేయస్ అయ్యర్, సంజూ శాంసన్, ఇషాన్ కిషన్, తిలక్ వర్మ ఒకేసారి దిగారంటే జనం రాకుండా ఉంటారా? సెంచరీలు కొట్టినోళ్ళ ఫొటోలు అందరి ఫోన్లలో ఉన్నాయి. మరి 7వ నంబర్‌లో బ్యాటింగుకొచ్చి, మళ్ళీ బంతి అందుకుని 20, 25 ఓవర్లు వేసినోళ్ళ సంగతేంటి? ఏడాది గడిచింది కాబట్టి ఆ లెక్క ఇప్పుడు తీరిగ్గా చూడొచ్చు.

ఎవరిని చూస్తున్నాం?

రగ్బీలో ఫ్లాంకర్ అని ఒక స్థానం ఉంటుంది. 15 మంది జట్టులో 6, 7 నంబర్ల జెర్సీలు వాళ్ళవి. అవతలివాణ్ణి పట్టి పడేయడం, కిందపడ్డ బంతిని లాక్కోవడం, మళ్ళీ లేచి పరుగెత్తడం వాళ్ళ పని. పాయింట్లు తెచ్చేది ఎక్కువగా వేరేవాళ్ళు. 2025 జూన్‌లో ముంబైలో జరిగిన రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆట చూసినోళ్ళకు ఫ్లాంకర్ కనిపించి ఉండడు. అది ఏడుగురి ఆట, అందులో ఆ స్థానమే లేదు. కానీ క్రికెట్‌లో అలాంటోడు ఉన్నాడు: స్పిన్ ఆల్‌రౌండర్.

మన రైతు భాషలో చెప్పాలంటే వేరుశనగలో వేసే కంది సాళ్ళు. వాన బాగా పడితే అందరూ వేరుశనగ దిగుబడి గురించే అడుగుతారు. వాన మొహం చాటేసిన ఏడాది ఇంట్లో నాలుగు గింజలు ఉన్నాయంటే అవి కందులే.

ఇక్కడ లెక్కకు మూడు షరతులు పెట్టుకున్నాను. ఒకటి, అనంతపురంలో ఆడిన మ్యాచులే లెక్క. రెండు, బ్యాటూ బంతీ రెండింటిలోనూ జమ ఉండాలి. మూడు, జట్టు ఇబ్బందిలో ఉన్నప్పుడు చేసిన పనికి ఎక్కువ విలువ. ఈ షరతుల వల్ల అన్షుల్ కాంబోజ్ ఇందులోకి రాడు. ఇండియా-బీ మీద 69 పరుగులకు 8 వికెట్లు తీసి టోర్నీ ఉత్తమ ఆటగాడయ్యాడు, నిజమే. కానీ అతని ఖాతా ప్రధానంగా బౌలింగ్ ఖాతా. రెండు సెంచరీలు కొట్టిన మన ఆంధ్ర బ్యాటర్ రికీ భుయ్ కూడా ఇదే కారణంతో రాడు.

ఖాతా తెరిస్తే

అక్షర్ పటేల్: మొదటి మ్యాచ్‌లో ఇండియా-డీ 164కే కుప్పకూలితే అందులో 86 అతనివే. సగానికి పైగా ఒక్కడే కొట్టాడు. అయితే టెస్టు జట్టు పిలుపుతో ఆ ఒక్క మ్యాచ్‌తోనే వెళ్ళిపోయాడు. ఒక్క మ్యాచ్‌తో మొదటి స్థానం ఇవ్వలేం.

వాషింగ్టన్ సుందర్: చివరి రౌండ్‌లో ఇండియా-డీ మీద 87 చేశాడు. మంచి ఇన్నింగ్స్. కానీ రెండో ఇన్నింగ్స్‌లో ఇండియా-బీ 115కే ఆలౌటై 257 పరుగుల తేడాతో ఓడింది.

మానవ్ సుతార్: రాజస్థాన్ కుర్రాడు, అప్పటికి 22 ఏళ్ళు. మొదటి మ్యాచ్‌లో ఇండియా-డీ రెండో ఇన్నింగ్స్‌లో 49 పరుగులకు 7 వికెట్లు తీశాడు. తర్వాత ఇండియా-సీకి 233 లక్ష్యం. 6 వికెట్లు పోయినా అభిషేక్ పోరెల్‌తో కలిసి 19 నాటౌట్‌గా నిలబడి గెలిపించి వచ్చాడు. తర్వాతి మ్యాచ్‌లో 82 కొట్టాడు.

శమ్స్ ములానీ: రెండో రౌండ్‌లో కుల్దీప్ యాదవ్ స్థానంలో ఇండియా-ఏలోకి వచ్చాడు. పై వరుస కూలిన మొదటి ఇన్నింగ్స్‌లో 89 కొట్టి స్కోరును 290కి చేర్చాడు. రెండో ఇన్నింగ్స్‌లో 3 వికెట్లు. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అతనే. చివరి మ్యాచ్‌లో ఇండియా-ఏ 36 పరుగులకే 5 వికెట్లు పోగొట్టుకుంటే, సెంచరీ కొట్టిన శాశ్వత్ రావత్‌కు తోడుగా నిలబడి 44 చేశాడు.

తనుష్ కోటియన్: ములానీ లాగే ముంబై ఆటగాడు, అదే ఇండియా-ఏ జట్టు. ఇండియా-డీ మీద 53 పరుగులు, ఆపైన రెండో ఇన్నింగ్స్‌లో 73కి 4 వికెట్లు. చివరి మ్యాచ్‌లో ఇండియా-సీ మీద ఆఖరి ఇన్నింగ్స్‌లో 47కి 3 వికెట్లు.

మొదటి స్థానం గురించి వాదన అక్కర్లేదు, అది సుతార్‌దే. ఒకే మ్యాచ్‌లో బంతితో గెలుపు దారి వేసి, బ్యాటుతో గమ్యం దాకా నడిపించినవాడు అతనొక్కడే.

రెండో స్థానం దగ్గరే అసలు చిక్కు. పాయింట్ల పట్టిక చూడండి. చివరి రౌండ్‌కు ముందు ఇండియా-సీ 9 పాయింట్లతో ముందుంది, ఇండియా-ఏకు 6. పూర్తి గెలుపుకు 6 పాయింట్లు, డ్రాలో మొదటి ఇన్నింగ్స్ ఆధిక్యానికి 3, లేనివాళ్ళకు 1. అంటే మ్యాచ్ డ్రా అయితే ఏకు 9, సీకి 10. కప్పు సీకి పోయేది. సాయి సుదర్శన్ 111 కొట్టి ఆ డ్రా వైపే లాగుతున్నాడు. అక్కడ ఒక్కో వికెట్ విలువ ఎంతో ఆలోచించండి. ఇండియా-సీని 217కు ఆలౌట్ చేయడంలో ప్రసిధ్ కృష్ణ 3, కోటియన్ 3 వికెట్లు తీశారు. 132 పరుగులతో గెలిచిన ఏ జట్టు 12 పాయింట్లతో విజేత అయింది.

కోటియన్ ఈ 7 వికెట్లూ గెలిచి తీరాల్సిన ఆఖరి ఇన్నింగ్సుల్లోనే తీశాడు. ములానీ పరుగులు ఎక్కువ చేశాడు, కోటియన్ ముగింపు పని ఎక్కువ చేశాడు. నా లెక్కలో రెండో స్థానం కోటియన్‌ది, ములానీ ఒక్క అడుగు వెనక. ములానీ 36కి 5 దగ్గర నిలబడకపోతే కోటియన్ వికెట్లకు విలువే ఉండేది కాదు కదా అంటారా? న్యాయమైన వాదనే. అందుకే ఒక్క అడుగు అన్నాను, పది అడుగులు అనలేదు.

పేరు చూసి కాదా?

మన ఇళ్ళలో స్కోర్‌కార్డు చూసే పద్ధతి ఒకటుంది, దాచుకోవాల్సిన పని లేదు. ముందు పేర్లు వెతుకుతాం. ములానీ, ఆఖిబ్ ఖాన్, అవేశ్ ఖాన్, ముషీర్, సర్ఫరాజ్. గుంటూరు నుంచి షేక్ రషీద్‌ను రెండో రౌండ్‌కు ఇండియా-ఏలోకి తీసుకున్నప్పుడు ఆ వార్త ఎన్ని గ్రూపుల్లో తిరిగిందో గుర్తుందా? ఆ సంతోషం తప్పేమీ కాదు. కానీ ఎవరికైనా అవకాశం రాకపోతే వెంటనే "పేరు చూసి ఆపేశారు" అనే మెసేజ్ కూడా అంతే వేగంగా తిరుగుతుంది. దాన్ని కూడా ఖాతా పుస్తకం దగ్గర పెట్టి చూడాలి.

2024 డిసెంబర్‌లో బ్రిస్బేన్ టెస్టు తర్వాత అశ్విన్ రిటైర్మెంట్ ప్రకటించాడు. ఆ ఖాళీలోకి ఆస్ట్రేలియాకు పిలిచింది కోటియన్‌ను, ములానీని కాదు. ఎందుకు? అశ్విన్ ఆఫ్ స్పిన్నర్, కోటియన్ కూడా ఆఫ్ స్పిన్నర్. పైగా 2023-24 రంజీలో 502 పరుగులు, 29 వికెట్లతో టోర్నీ ఉత్తమ ఆటగాడు అతనే. ములానీ ఎడమచేతి స్పిన్నర్. ఆ వరుసలో ముందు జడేజా, అతని వెనక అక్షర్, ఇంకో పక్క కుల్దీప్ ఉన్నారు. 2021-22 రంజీలో 45 వికెట్లతో అందరికంటే ముందున్నా ములానీకి ఆ తలుపు తెరుచుకోలేదు. అదే వరుసలో నిలబడ్డ సుతార్‌కు కూడా 2025 సెప్టెంబర్ వరకు టెస్టు టోపీ రాలేదు. మన లెక్కలో మొదటి స్థానం అతనిదే అయినా సరే! కాబట్టి ఈ ఒక్క ఖాతా వరకు చూస్తే అడ్డుపడింది పేరు కాదు, ఖాళీ లేకపోవడం. ఇంకెక్కడా అన్యాయం జరగదని నేననడం లేదు. ఒక్కో కేసునూ దాని లెక్కతోనే తేల్చాలి అంటున్నాను. లెక్క లేకుండా ఫిర్యాదు చేస్తే, రేపు లెక్క ఉన్న ఫిర్యాదును కూడా ఎవరూ నమ్మరు.

మిగతావాళ్ళ సంగతి? వాషింగ్టన్ సుందర్ నెల తర్వాత పుణెలో న్యూజీలాండ్ మీద మొదటి ఇన్నింగ్స్‌లోనే 7 వికెట్లు తీసి టెస్టు జట్టులో పాతుకుపోయాడు. కాంబోజ్ 2025 జూలైలో మాంచెస్టర్‌లో టెస్టు ఆడాడు. సారాంశ్ జైన్ ఏడాది ఆగి దులీప్ అవార్డు అందుకున్నాడు.

ఇంటి లెక్క

అనంతపురం, గుంతకల్లు, కదిరి, హిందూపురం ఇళ్ళలో ఇప్పుడు నడుస్తున్న ప్రశ్న వేరే: పిల్లోడు క్రికెట్ అంటున్నాడు, పంపాలా వద్దా? బీకాం చదివినోణ్ణి కాబట్టి రూపాయల్లో చెప్తాను.

2021లో బోర్డు ప్రకటించిన ఫీజుల ప్రకారం సీనియర్ దేశవాళీ మ్యాచ్‌కు, 20 మ్యాచుల లోపు అనుభవం ఉంటే రోజుకు 40,000 రూపాయలు. 21 నుంచి 40 మ్యాచులైతే 50,000. ఆపైన 60,000. తుది జట్టులో లేక బయట కూర్చున్నోళ్ళకు ఇందులో సగం. రంజీ లీగ్ దశలో 7 మ్యాచులు, ఒక్కోటి 4 రోజులు, అంటే 28 రోజులు. కొత్త కుర్రాడు అన్నీ ఆడితే 11 లక్షల 20 వేలు. అన్నిటికీ బయట కూర్చుంటే 5 లక్షల 60 వేలు. జట్టులోకే రాకపోతే సున్నా. మధ్యలో ఇంకేం లేదు.

ఈ మూడు మెట్లలో మొదటి మెట్టుకు చేర్చేది చాలాసార్లు రెండో పనే. ఒక్క బ్యాటింగే వచ్చినోడు రెండు మ్యాచుల్లో విఫలమైతే బెంచీ మీదకు పోతాడు. 15 ఓవర్లు వేయగలిగినోడికి ఇంకో మ్యాచ్ ఇస్తారు. పిల్లాణ్ణి క్యాంపుకు పంపే అబ్బా, అమ్మీ కోచ్‌ను "మావాడు ఎన్ని సిక్సర్లు కొట్టాడు" అని అడిగే బదులు "రెండో పని ఏం నేర్పిస్తున్నారు" అని అడగడం మేలు.

ఇంకో మాట. బెంగళూరులో జరిగిన మొదటి మ్యాచ్‌లో 181 కొట్టిన ముషీర్ ఖాన్ తర్వాత అనంతపురంలో కూడా ఆడాడు. అదే నెలాఖరులో ఆజంగఢ్ నుంచి లక్నో వెళ్తూ రోడ్డు ప్రమాదంలో మెడకు దెబ్బ తగిలి నెలల తరబడి ఆటకు దూరమయ్యాడు. 19 ఏళ్ళ కుర్రాడు, చేతికందిన సీజన్. ఎంత మెహనత్ చేసినా మన చేతిలో లేనివి కొన్ని ఉంటాయి. అందుకే డిగ్రీ మాన్పించి ఆటలోకి దించకండి. ఆట మాన్పించి డిగ్రీలోనూ తోయకండి. ఆటలో రెండో పని ఎంత అవసరమో ఇంట్లో కూడా అంతే. కంది సాలు వేశామని వేరుశనగ మీద నమ్మకం లేదని కాదు కదా!

ఈసారి ఆర్డీటీ స్టేడియంలో ఆంధ్ర మ్యాచ్ ఏదైనా జరిగితే పిల్లల్ని తీసుకెళ్ళండి. ఓపెనర్ల కోసం మాత్రమే కాదు. 5 వికెట్లు పడ్డాక హెల్మెట్ పెట్టుకుని దిగేవాణ్ణి చూపించండి, సాయంత్రం అతనే బంతి అందుకుంటాడేమో చూడమనండి. మరుసటి రోజు స్కోర్‌కార్డులో అతని పేరు రెండు చోట్ల వెతకమనండి.