సౌర ఫలకంలో కనిపించని పొర

రైల్వే ఉద్యోగాల కోసం తరాల క్రితం తరలివచ్చిన తెలుగు కుటుంబాలకు ఖరగ్‌పూర్ సొంత ఊరైపోయింది. ఝపటాపూర్ వంటి పేటలున్న ఈ పట్టణంలోనే, 1951లో హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలో దేశపు తొలి ఐఐటీ ప్రారంభమైంది. అక్కడి రబ్బరు సాంకేతిక కేంద్రంలో పరిశోధన సాగుతున్న పాలిమర్లు ఇప్పుడు విధాన నిర్ణయాలకు కేంద్రబిందువవుతున్నాయి.

చిన్న అణువులు వేల సంఖ్యలో గొలుసులా కలిస్తే ఏర్పడేది పాలిమర్. అంతరిక్ష రంగంలో దీని విలువను భారత్ ముందే గుర్తించింది. పీఎస్ఎల్‌వీ తొలి దశలోని సుమారు 138 టన్నుల ఘన ఇంధనాన్ని పట్టి ఉంచేది హెచ్‌టీపీబీ అనే రబ్బరు వంటి పాలిమరే. దానిని ఇస్రో స్వయంగా అభివృద్ధి చేసుకుంది. చంద్రయాన్-3కు బంగారు వన్నె తెచ్చినదీ బంగారం కాదు, పాలీఇమైడ్ పొర.

నేల మీది పరిస్థితి వేరు. 2024 ఫిబ్రవరిలో కేంద్రం ఆమోదించిన పీఎం సూర్య ఘర్ పథకం లక్ష్యం కోటి ఇళ్లు. కప్పు మీది ఫలకంలో గాజుకూ సిలికాన్ ఘటాలకూ మధ్య ఈవీఏ అనే పారదర్శక పొర ఉంటుంది. తేమ, వేడి, అతినీలలోహిత కిరణాలు సోకిన కొద్దీ నాసిరకం పొర పసుపు రంగుకు తిరుగుతుంది. అందులోంచి ఎసిటిక్ ఆమ్లం వెలువడి లోహపు తీగలను తినేస్తుంది. బెంగాల్ వానాకాలం, కోస్తాంధ్ర ఉక్కపోత ఇందుకు అనువైన వాతావరణమే. పాతికేళ్ల హామీతో కొన్న ఫలకం అంతకాలం నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు ఈ పొర మీదే ఆధారపడుతుంది. అప్పు చేసి ఫలకాలు పెట్టించుకున్న కుటుంబానికి ఇది చిన్న విషయం కాదు.

చైనా, మలేషియా, సౌదీ అరేబియా, థాయ్‌లాండ్‌ల నుంచి వచ్చే ఈవీఏ షీట్లపై 2019లో యాంటీ డంపింగ్ సుంకం విధించారు. షీట్ల తయారీకి అది ఊతమే. వాటికి ముడిసరుకైన రెజిన్‌కు మాత్రం ఇంకా ప్రధానంగా దిగుమతులే దిక్కు. మూలపదార్థాన్ని వదిలి పైపొరకు రక్షణ కల్పించడం సగం పనే.

ఎలక్ట్రానిక్స్‌లో ఆ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం కనిపిస్తోంది. రూ.22,919 కోట్ల విడిభాగాల పథకం కింద 2025 అక్టోబరులో ఆమోదం పొందిన తొలి ఏడు ప్రాజెక్టులలో రాగి పూత లామినేట్, కెపాసిటర్లకు వాడే పాలీప్రొపిలీన్ ఫిల్మ్ ఉన్నాయి. సౌర రెజిన్‌కూ ఇటువంటి ఊతం అవసరం. ప్రయోగశాలలో గ్రాములలో సిద్ధమైన పదార్థం కర్మాగారంలో టన్నులకు చేరడానికి ఏళ్లు పడుతుంది. ఆ మధ్యకాలపు వ్యయాన్ని ఎవరు భరించాలన్నదే ఇప్పుడు తేలవలసి ఉంది.