గోడ ఊరికే కూలదు

2023 ఆగస్టు వేలంలో కోకాపేట ఎకరం ధర 100 కోట్లు దాటింది. ఆ నేలలో గుంతలు తవ్వే కూలీ ప్రాణానికి ఎంత ధర కట్టారు?

2025 ఫిబ్రవరిలో ఎల్బీనగర్‌లో సెల్లార్ గుంతలో మట్టిపెళ్లలు విరిగిపడి ముగ్గురు కూలీలు చనిపోయారు. ఇట్లాంటివి జరిగినప్పుడల్లా 'ప్రమాదవశాత్తు' అని రాసేస్తారు. ఏది ప్రమాదం? ఘనపు మీటరు మట్టి దాదాపు టన్నున్నర బరువుంటది. ఛాతీ దాకా కూరుకుపోయినా ఊపిరాడదు. ఈ సంగతి పని చేయించేటోళ్లకు తెల్వదా?

సీపీడబ్ల్యూడీ సేఫ్టీ కోడ్ ఏం చెప్తోంది? కందకం లోతు 1.2 మీటర్లుంటే నిచ్చెన పెట్టాలి. 1.5 మీటర్లుంటే అంచులు వాలుగా కోయాలి, లేదా చెక్కలతో ఆపాలి. తవ్విన మట్టి అంచుకు కనీసం 1.5 మీటర్ల దూరంలో పోయాలి. ఇవి చేయకుంటే మిగిలేది కాంట్రాక్టర్ పైసలు, పోయేది మన పానం.

'మరి ఎందుకు దిగుతున్నరు' అని కూలీని అడగకండి. ఒక్కడు కాదంటే వాని కూలి పోతది, ఇంకొకడు దిగుతడు. అందుకే అందరూ కలిసి అడగాలె. అంచు మీద పగులు కనిపించినా, వాన నీళ్లు నిలిచినా అందరూ పైకి రావాలె. ఎవరన్నా కూరుకుపోతే వెంటనే దూకొద్దు, రెండో పెళ్ల మీదనే పడ్తది. 112కు ఫోన్ చేయండి.

చదువుకున్న తమ్ముడా, చెల్లె, మన పని ఇది: పట్నం బయల్దేరేటోళ్లకు గోండిలో, కోయలో చెప్పి పంపు. ఛాతీ లోతుకు నిచ్చెన, భుజం లోతుకు ఆసరా. అవి లేకుంటే ఎవరూ దిగొద్దు.